కాల్ సెంటర్ సర్వర్, టెలిఫోన్ స్విచ్: దువ్వాడ, విశాఖ ప్రాంతపు నేపథ్యంలో

కంప్యూటర్ టెలిఫోనీ అనుసంధానం టెలిఫోన్ స్విచ్‌కూ కాల్ సెంటర్ సర్వర్‌కూ మధ్య వేసే లంకె. ఆ రంగంలోని వాళ్లు దాన్ని పొట్టిగా సీటీఐ అంటారు. ఈ లంకె మీద మాట నడవదు. కాల్ చేసినవారి గొంతు ట్రంకు లైను మీదుగా స్విచ్‌లోకి, అక్కడి నుంచి ఏజెంటు హెడ్‌సెట్‌లోకి తన దారిన తాను పోతుంది. సర్వర్‌కు అందేది ఆ కాల్ గురించిన కబురు: ఏ నంబరు నుంచి వచ్చింది, ఏ నంబరుకు చేశారు, ఎంతసేపటిగా క్యూలో ఉంది, ఎవరు ఎత్తారు, ఎప్పుడు పెట్టేశారు. తిరుగుదారిలో సర్వర్ స్విచ్‌కు ఆదేశాలు పంపుతుంది: ఈ కాల్‌ను తెలుగు వచ్చిన ఏజెంటుకు ఇవ్వు, దీన్ని హోల్డ్‌లో పెట్టు, ఫలానా నంబరుకు డయల్ చెయ్యి. రైల్వే కంట్రోల్ ఆఫీసు దువ్వాడ మీదుగా పోయే ఏ బండినీ లాగదు. ఏది ఎక్కడుందో కనిపెట్టి, దేన్ని ముందు వదలాలో చెబుతుంది. సీటీఐ సర్వర్ చేసేదీ ఆ పనే.

ఇందులో కంప్యూటర్ ప్రోగ్రాము రాయడం ఎప్పుడూ పెద్ద కష్టం కాలేదు. చిక్కు రెండు చోట్ల వచ్చింది. స్విచ్ తయారీదారులు తమ యంత్రాలతో మాట్లాడే పద్ధతిని ఏళ్ల తరబడి గుట్టుగా ఉంచుకుని, కావలసినవారికి లైసెన్సు రూపంలో విడిగా అమ్ముకున్నారు. భారతదేశంలో దానికి తోడు ప్రభుత్వ నిబంధనలు ఒకే గదిలోకి వచ్చే రెండు రకాల లైన్లు ఒకదాన్నొకటి తాకకూడదని చాలా కాలం పట్టుబట్టాయి. హైదరాబాద్‌లో గానీ విశాఖలో గానీ కాల్ సెంటర్ కట్టినవాళ్ల తెలివితేటలు ఎక్కువగా ఈ రెండు అడ్డంకుల మీదే ఖర్చయ్యాయి.

దువ్వాడ

విశాఖపట్నానికి నైరుతిగా, ఉక్కు కర్మాగారానికీ కూర్మన్నపాలేనికీ చేరువలో ఉన్న శివారు దువ్వాడ. హౌరా–చెన్నై ప్రధాన మార్గంలో, విశాఖకు దాదాపు 17 కిలోమీటర్ల దూరాన ఇక్కడి స్టేషను ఉంది. విశాఖపట్నం స్టేషనులోకి వెళ్లిన బండి మళ్లీ వచ్చిన వైపే బయటికి రావాలి. అందుకే కొన్ని దూరప్రాంతపు రైళ్లు ఊళ్లోకి పోకుండా దువ్వాడలో ఆగి సాగిపోతాయి. "బండి వైజాగ్ వస్తుందా, దువ్వాడలోనే దిగాలా?" అని రైల్వే విచారణ నంబరు 139ని అడగాల్సిన అవసరం ఇక్కడివాళ్లకు అలా వస్తుంది. 2007లో మొదలై, 2020 జనవరి 1 నుంచి రైల్వే సహాయ నంబర్లు చాలావాటిని తనలో కలుపుకున్న ఈ 139 ఈ వ్యాసం చెప్పే యంత్రాంగానికి చక్కని ఉదాహరణ. దేశంలో ఎక్కడి నుంచి నొక్కినా మూడంకెలే. వెనక రైళ్ల సమాచార నిల్వతో ముడిపడిన సర్వర్ ఉంటుంది. మామూలు ప్రశ్నలకు మనిషి అక్కర్లేకుండానే జవాబు వస్తుంది.

దువ్వాడకు ఈ విషయంతో మరో సంబంధం ఉంది. కేంద్ర ప్రభుత్వం 1989లో ఇక్కడ నెలకొల్పిన విశాఖపట్నం ఎగుమతి ప్రాసెసింగ్ జోన్ 2003 జనవరి 1 నుంచి ప్రత్యేక ఆర్థిక మండలిగా (సెజ్) మారింది. సుమారు 360 ఎకరాల ఆ ఆవరణలో తయారీ యూనిట్లదే పైచేయి. విశాఖలో హెచ్‌ఎస్‌బీసీ, డబ్ల్యూఎన్‌ఎస్ లాంటి సంస్థల సేవా కేంద్రాలు నగరంలోనే వెలిశాయి, ఐటీ కొండలంటే మధురవాడ, రుషికొండ వైపే చూపిస్తారు. కానీ ఆంధ్రప్రదేశ్, తెలంగాణ, ఛత్తీస్‌గఢ్ సెజ్‌ల మీద అధికారం ఉన్న అభివృద్ధి కమిషనర్ కూర్చునేది దువ్వాడలోనే. హైదరాబాద్‌లోని ఒక ఐటీ సెజ్‌లో విదేశీ బ్యాంకు కోసం కాల్ సెంటర్ పెట్టాలన్నా, దానికి దిగుమతి చేసుకున్న స్విచ్‌కు సుంకం మినహాయింపు కావాలన్నా కాగితం ఈ కార్యాలయం పరిధిలోకి వస్తుంది.

లైను లోపలికి రావడం

కాల్ సెంటర్ గడప దాకా మాటను తెచ్చే లైన్లను ట్రంకులంటారు. మొదట్లో ఇవి ఇళ్లకొచ్చే లైన్ల లాంటివే, రెండు రాగి తీగల అనలాగ్ లైన్లు. వాటితో పెద్ద తంటా అవతలివాళ్లు ఫోను పెట్టేసినప్పుడు. ఆ సంగతి లైను స్పష్టంగా చెప్పదు. ఎంగేజ్ టోన్ వినిపిస్తోందా అని యంత్రమే చెవిపెట్టి కనిపెట్టాలి, లేదా ఎక్స్‌ఛేంజ్ తీగల ధ్రువాలను తిప్పి సంకేతమివ్వాలి. రెండూ జరక్కపోతే ఎవరూ లేని కాల్ లైనును పట్టుకుని కూర్చుంటుంది. సర్వర్ లెక్కలో ఏజెంటు ఇంకా మాట్లాడుతూనే ఉంటాడు. చిన్న కేంద్రాల్లో "అన్నీ బిజీ చూపిస్తున్నాయి, మనుషులేమో ఖాళీగా ఉన్నారు" అనే ఫిర్యాదుకు కారణం చాలాసార్లు ఇదే.

డిజిటల్ ఎక్స్‌ఛేంజీలతో ఈ బెడద తీరింది. 1984లో ఏర్పడిన సీ-డాట్ దేశీయంగా రూపొందించిన స్విచ్‌లు, ఫ్రాన్స్ సాంకేతికతతో ప్రభుత్వ టెలిఫోన్ యంత్రాల కంపెనీ ఐటీఐ తయారుచేసిన ఇ10బీలు వచ్చాక ఊళ్లకు ఇ1 లైన్లు ఇవ్వడం సాధ్యమైంది. గొంతును సెకనుకు 8000 సార్లు కొలిచి, కొలిచిన ప్రతిసారీ 8 బిట్లలో రాస్తే ఒక మాటకు 64 కిలోబిట్లు పడతాయి. అలాంటి 32 గదులను ఒకే వరుసలో పేర్చినది ఇ1. మొత్తం వేగం సెకనుకు 2.048 మెగాబిట్లు. సున్నా నుంచి లెక్కపెడితే అందులో 0 నంబరు గది తాళం కలపడానికీ, 16వ నంబరు గది సంకేతాలకీ పోగా 30 మందికి మాట్లాడే చోటు దక్కుతుంది. పాత ఆర్2 పద్ధతి నడిస్తే అంకెలు ఒక్కొక్కటిగా స్వరాల రూపంలో నింపాదిగా వస్తాయి. ఐఎస్‌డీఎన్ పీఆర్‌ఐ అయితే ఒకే సందేశంలో చేసిన నంబరు, చేరాల్సిన నంబరు రెండూ చేతికందుతాయి. కాల్ సెంటర్‌కు పీఆర్‌ఐ అంత ముద్దు కావడానికి కారణం అదే. ఒకే లైను మీద వంద వేర్వేరు నంబర్లు పెట్టుకుని, ఏ నంబరుకు ఫోను వచ్చిందో చూసి ఫిర్యాదా, బిల్లా, కొత్త కనెక్షనా అని ఎత్తకముందే తేల్చేయవచ్చు.

ఇ1ను ఎక్స్‌ఛేంజ్ నుంచి భవనందాకా తేవడం వేరే కథ. రాగి తీగ మీద హెచ్‌డీఎస్‌ఎల్ మోడెములతో గానీ, ఫైబర్ మీద మల్టీప్లెక్సరుతో గానీ తెస్తారు. చివర 75 ఓమ్‌ల కోయాక్సియల్ కేబులో, 120 ఓమ్‌ల జంట తీగో ఉంటుంది. స్విచ్ కార్డు ఒక రకం, లైను మరో రకమైతే మధ్యలో రెంటినీ కలిపే బాలన్ పెట్టాలి. ఇంతకన్నా సతాయించేది గడియారం. రెండు వైపుల స్విచ్‌లూ ఒకే లయలో బిట్లు లెక్కపెట్టకపోతే అప్పుడప్పుడు ఒక ఫ్రేము, అంటే ఆ 32 గదుల వరుస ఒకటి, జారిపోతుంది. మాటలో అది చిన్న 'టిక్' శబ్దం, ఫ్యాక్స్‌కు మాత్రం ప్రాణాంతకం. కాల్ సెంటర్ స్విచ్ ఎప్పుడూ నెట్‌వర్క్ నుంచే గడియారం తీసుకోవాలి, సొంతంగా నడపకూడదు. కొత్త లైను బిగించినప్పుడు ఈ ఒక్క సెట్టింగు తప్పడం వల్ల వచ్చే తగాదాలు లెక్కలేనన్ని. విశాఖ లాంటి రేవు పట్నంలో ఉప్పుగాలికి రాగి అతుకులు చివికిపోవడం, పిడుగుల కాలంలో సరైన ఎర్తింగ్ లేని కార్డులు కాలిపోవడం వీటికి అదనం.

స్విచ్ చెప్పేది, సర్వర్ వినేది

గాజువాకలో ఒక ఇంట్లో కరెంటు పోయి, ఆ ఇంటివాళ్లు విద్యుత్ ఫిర్యాదుల నంబరు 1912 నొక్కారనుకుందాం. విశాఖ కేంద్రంగా పనిచేసే తూర్పు ప్రాంత విద్యుత్ పంపిణీ సంస్థ, ఏపీఈపీడీసీఎల్, వినియోగదారులకు ఇచ్చిన నంబరు అది. ఇలాంటి కేంద్రంలో జరిగేదాన్ని అంచెలంచెలుగా చూస్తే సీటీఐ ఏమిటో బోధపడుతుంది.

కాల్ స్విచ్‌లోకి రాగానే స్విచ్ దానికొక గుర్తింపు సంఖ్య వేస్తుంది. ఆ సంఖ్యతో కూడిన సందేశాలను నెట్‌వర్క్ కేబుల్ మీద సర్వర్‌కు వరసగా పంపుతుంది: వచ్చింది, క్యూలో చేరింది, ఫలానా ఎక్స్‌టెన్షన్ దగ్గర మోగుతోంది, ఎత్తారు, హోల్డ్‌లో పెట్టారు, బదిలీ అయింది, ముగిసింది. మోగుతోందన్న సందేశం అందగానే సర్వర్ ఫోను నంబరును వినియోగదారుల జాబితాలో వెతికి, ఆ ఇంటి సర్వీసు నంబరు, ట్రాన్స్‌ఫార్మర్, కిందటి ఫిర్యాదులు ఏజెంటు తెర మీదికి నెడుతుంది. ఫోను రెండుసార్లు మోగేలోగా ఇది అయిపోవాలి. ఆలస్యమైతే ఏజెంటు "మీ సర్వీసు నంబరు చెప్పండి" అని అడగనే అడుగుతాడు. అంత ఖర్చు పెట్టిన అనుసంధానం వృథా.

దీనికన్నా లోతైన పద్ధతిలో స్విచ్ కాల్‌ను ఆపి "దీన్ని ఎక్కడికి పంపమంటావు?" అని సర్వర్‌నే అడుగుతుంది. సర్వర్ గాజువాక ప్రాంతానికి బాధ్యుడైన ఏజెంటు ఖాళీగా ఉన్నాడో లేదో చూసి జవాబిస్తుంది. ఈ పద్ధతిలో సర్వర్ చచ్చిపోతే కాల్స్ గాల్లో వేలాడతాయి. కాబట్టి స్విచ్‌లో గడువు పెడతారు: కొద్ది సెకన్లలో జవాబు రాకపోతే మామూలు క్యూలోకి తోసెయ్. ఈ గడువు పరీక్షించకుండా కేంద్రాన్ని ప్రారంభించడం కన్నా పెద్ద నిర్లక్ష్యం ఈ పనిలో మరొకటి లేదు. సర్వర్ ఆగినా ఫోను మోగాలి, తెర ఖాళీగా ఉన్నా సరే.

అన్నిటికన్నా చిక్కుపడేది బదిలీ. మొదటి ఏజెంటు కాల్‌ను హోల్డ్‌లో పెట్టి సూపర్‌వైజరుకు ఫోను చేస్తే అది రెండో కాల్, దానికి రెండో గుర్తింపు సంఖ్య. రెండూ కలిపినప్పుడు కొన్ని స్విచ్‌లు పాత సంఖ్య ఉంచుతాయి, కొన్ని కొత్తది పుట్టిస్తాయి. సర్వర్ ఈ రెంటినీ కుట్టుకోలేకపోతే సూపర్‌వైజరు తెర మీద ఏమీ కనిపించదు, వినియోగదారు తన గోడు మొదటి నుంచీ చెప్పుకోవాలి. "మళ్లీ చెప్పండి" అని మనం ఎన్నిసార్లు విన్నామో, ఆ వెనక చాలాసార్లు ఉన్నది మనిషి బద్ధకం కాదు, ఈ కుట్టుపని లోపమే.

ఈ సందేశాలన్నిటికీ ఒకే భాష ఉండాలన్న ప్రయత్నం 1990లలో జోరుగా సాగింది. ఐరోపా కంప్యూటర్ తయారీదారుల సంఘం ఎక్మా 1992లో సీఎస్‌టీఏ అనే ప్రమాణం ప్రకటించింది. మైక్రోసాఫ్ట్, ఇంటెల్ కలిసి 1993లో టాపీ తెచ్చాయి. నోవెల్, ఏటీ అండ్ టీ జంట టీసాపీ తెచ్చింది. టాపీ మొదట ఒక్కో బల్ల మీది ఫోనునూ పక్కనున్న కంప్యూటర్‌తో కలిపే ఆలోచన. సీఎస్‌టీఏ, టీసాపీలు స్విచ్ మొత్తాన్నీ ఒకే సర్వర్ కనిపెట్టే ఆలోచన. కాల్ సెంటర్‌కు కావలసింది రెండోదే. అయితే ప్రమాణాలు వచ్చినా గుట్టు పోలేదు. ప్రతి కంపెనీ ప్రమాణంలో కొంత భాగమే పాటించి, మిగతాది తన సొంత అదనపు సందేశాలతో నింపింది, వాటికి ఏజెంటుకింతని లైసెన్సు రుసుము పెట్టింది. ఈ గందరగోళాన్నే వ్యాపారంగా మలచుకుంది 1990లో పుట్టిన జెనెసిస్: ఒక్కో రకం స్విచ్‌కు ఒక్కో అనువాదక సర్వర్ రాసి, పైన మాత్రం అందరికీ ఒకే రకం సాఫ్ట్‌వేర్ అమ్మింది.

కార్డు, ఐవీఆర్, తెలుగు అంకెలు

స్విచ్‌ను బతిమాలే బదులు కంప్యూటర్‌లోనే టెలిఫోన్ కార్డు బిగిస్తే సరిపోదా అన్నది రెండో దారి. అమెరికాలో 1983లో మొదలైన డయలాజిక్ కంపెనీ కార్డులు ఈ దారిని ప్రపంచమంతా వేశాయి. వాటితో ఐవీఆర్, అంటే మీట నొక్కించుకుని మాట వినిపించే యంత్రం, మామూలు పీసీలో ఇమిడింది. పరీక్షా ఫలితాలు హాల్‌టికెట్ నంబరు నొక్కి ఫోనులో వినడం చాలామంది తెలుగువాళ్లకు దీనితో తొలి పరిచయం. ఫోను మీట నొక్కినప్పుడు ఒకేసారి రెండు స్వరాలు పుడతాయి. ఉదాహరణకు 1 నొక్కితే 697, 1209 హెర్ట్జ్‌లు. కార్డు ఆ జతను పోల్చుకుని అంకెగా మారుస్తుంది.

ఇంగ్లీషు కోసం తయారైన ఐవీఆర్‌లు తెలుగులో బిల్లు మొత్తం చదవబోయి తడబడ్డాయి. ఇంగ్లీషులో వందకు ఒకే శబ్దం రికార్డు చేసుకుంటే చాలు. తెలుగులో 100 వంద, 125 నూట ఇరవై ఐదు, 200 రెండు వందలు, 225 రెండు వందల ఇరవై ఐదు. ఒకే స్థానానికి నాలుగు రూపాలు, పైగా చివర రూపాయలు చేరితే 'ఒకటి' కాస్తా 'ఒక్క' అవుతుంది. ముక్కలు అతికించే ప్రోగ్రాములో ఈ నియమాలు రాయకపోతే వినిపించేది "రెండు వంద ఇరవై ఐదు రూపాయలు" లాంటి ఎబ్బెట్టు తెలుగు. ఇప్పటికీ కొన్ని బ్యాంకుల ఫోన్లలో అది వినబడుతూనే ఉంది.

ఆస్టరిస్క్ తర్వాత

1999లో అమెరికాలోని అలబామా రాష్ట్రంలో మార్క్ స్పెన్సర్ అనే యువకుడు తన చిన్న లినక్స్ కంపెనీకి ఆఫీసు ఫోన్ల స్విచ్ కొనే స్తోమత లేక తానే ఒకటి రాసుకున్నాడు. అదే ఆస్టరిస్క్. జిమ్ డిక్సన్ రూపొందించిన చౌక కార్డులు దానికి జతపడ్డాయి. దీంతో స్విచ్, ఐవీఆర్, సీటీఐ సర్వర్ మూడూ ఒకే పెట్టెలోకి వచ్చేశాయి. 5038 పోర్టులో మామూలు అక్షరాల్లో కాల్స్ కబుర్లు చదువుకోవచ్చు, ఆదేశాలు ఇవ్వవచ్చు. రుసుము లేదు, గుట్టు లేదు. దాని మీద కట్టిన వీసీడయల్ లాంటి ఉచిత డయలర్లతో ఇరవై ముప్పై మంది ఏజెంట్ల కేంద్రాలు జిల్లా పట్టణాల్లోనూ వీలయ్యాయి. స్విచ్ కంపెనీల గుట్టు బద్దలైంది ప్రమాణాల సంఘాల వల్ల కాదని, ఈ ఉచిత ప్రోగ్రాము వల్లనని చెప్పడం అతిశయోక్తి కాదు.

ఇదే కాలంలో ఇ1 స్థానాన్ని ఇంటర్నెట్ పద్ధతి ఆక్రమించసాగింది. కాల్ కుదర్చడానికి సిప్, మాట మోయడానికి ఆర్‌టీపీ. సిప్ ప్రమాణం 1999లో వచ్చి 2002లో ఇప్పటి రూపం తీసుకుంది. ఇందులోనూ సంకేతం ఒక దారి, మాట మరో దారి. ఆ వేర్పాటు నుంచే దాని ప్రసిద్ధ జబ్బు పుట్టింది: ఫోను మోగుతుంది, ఎత్తుతారు, ఒక వైపు మాటే వినిపిస్తుంది. సంకేతంలో రాసిన చిరునామా ఆఫీసు లోపలి చిరునామా కావడం, బయటి నుంచి అక్కడికి దారి లేకపోవడం దీనికి మామూలు కారణం. అంచున సెషన్ బోర్డర్ కంట్రోలర్ పెడితే అది చిరునామాలు సరిచేస్తుంది, లోపలివాళ్లను బయటి కళ్ల నుంచి దాస్తుంది కూడా. సిప్ వాడే 5060 పోర్టును తెరిచి వదిలేస్తే దొంగలు కొద్ది గంటల్లోనే వెతికి పట్టుకుని, రాత్రికి రాత్రి విదేశాలకు కాల్స్ చేసి బిల్లు మన నెత్తిన వేస్తారు.

బ్యాండ్‌విడ్త్ లెక్క కూడా పాత 64 కిలోబిట్లు కాదు. 20 మిల్లీసెకన్ల ముక్కలుగా పంపితే శీర్షికలతో కలిపి జీ.711 అనే పద్ధతిలో మాటకు 80 కిలోబిట్లు, బాగా నొక్కిన జీ.729 పద్ధతిలో 24. నొక్కినకొద్దీ మీట స్వరాలు చెదిరిపోతాయి. కాబట్టి అంకెలను మాటతో కలపకుండా విడి ప్యాకెట్లుగా పంపుతారు. ఆ అమరిక రెండు వైపులా ఒకటి కాకపోతే "తెలుగు కోసం 1 నొక్కండి" అన్న ఐవీఆర్ ఎంత నొక్కినా కదలదు.

ఒకే గదిలో రెండు లైన్లు

ఇంటర్నెట్ మీద మాట 2002 ఏప్రిల్ 1 నుంచి పరిమితంగా భారతదేశంలో చట్టబద్ధమైంది. అదే రోజున వీఎస్‌ఎన్‌ఎల్ అంతర్జాతీయ కాల్స్ గుత్తాధిపత్యమూ తొలగింది. అంతకుముందు విదేశీ కాల్ సెంటర్ అంటే ఉపగ్రహం మీదో సముద్రగర్భ కేబుల్ మీదో అద్దె లైను తీసుకోవాలి. ఉపగ్రహమైతే మాట అవతలికి చేరడానికే పావు సెకను. ఇరువైపుల వాళ్లూ ఒకరి మాట మీద ఒకరు పడేవారు. ఒక వైపు ఆలస్యం 150 మిల్లీసెకన్లు దాటకూడదని అంతర్జాతీయ టెలికం సంఘం సూచన. చెన్నై నుంచి సింగపూర్‌కు 2002లో ఐ2ఐ, తర్వాత టాటా కేబుల్ వచ్చాకే ఈ బాధ తగ్గింది.

కానీ అద్దె లైను వచ్చినచోటే చట్టం అడ్డొచ్చింది. 1999 నాటి కొత్త టెలికం విధానం 'ఇతర సేవాదారులు' అనే తరగతిని తెచ్చింది. తర్వాతి నిబంధనలు కాల్ సెంటర్లను అందులో పెట్టి, దేశీయం, అంతర్జాతీయం అని విడదీశాయి. అమెరికా నుంచి అద్దె లైను మీద వచ్చిన కాల్‌ను స్విచ్ గుండా విశాఖ 0891 లోకల్ లైను మీదికి మళ్లిస్తే అది దొంగదారి అంతర్జాతీయ కాల్ అవుతుంది, ప్రభుత్వానికీ టెలికం కంపెనీలకూ రాబడి పోతుంది. నిబంధన ఉద్దేశం అది. ఫలితం మాత్రం వింతగా ఉండేది. ఒకే స్విచ్ వాడుకుంటే అందులో తార్కిక విభజన చేయాలి: ఈ ట్రంకుల గుంపు నుంచి ఆ గుంపుకు బదిలీ, కాన్ఫరెన్స్, ఫార్వర్డ్ ఏదీ సాధ్యం కాకూడదు. ఇక్కడ సీటీఐ సర్వర్ ఇరకాటంలో పడింది. ఏ రెండు కాల్స్‌నైనా కలపమని చెప్పగల శక్తే దాని ప్రయోజనం. చట్టానికి భయం కూడా అదే. తనిఖీకి వచ్చే టెలికం శాఖ టెర్మ్ సెల్ అధికారులకు, సర్వర్ నుంచి ఆదేశం పోయినా స్విచ్ దాన్ని తిరస్కరిస్తుందని చూపించాల్సి వచ్చేది. జాగ్రత్తపరులు రెండు వేర్వేరు స్విచ్‌లు కొని తలనొప్పి తప్పించుకున్నారు. ఒకే చోట రెండు రకాల పనికి మౌలిక సదుపాయాలు పంచుకోవాలంటే బ్యాంకు గ్యారంటీ కూడా కట్టాలి.

కరోనా దీన్ని కదిలించింది. 2020 మార్చిలో ఇంటి నుంచి పనికి సడలింపులిచ్చిన టెలికం శాఖ, నవంబరు 5న రిజిస్ట్రేషన్లు, గ్యారంటీలు ఎత్తేసింది. 2021 జూన్ 23న దేశీయ, అంతర్జాతీయ తేడానే రద్దుచేసి, స్విచ్ ప్రపంచంలో ఎక్కడున్నా సరేనంది. మధురవాడలో కూర్చున్న ఏజెంటు ఉదయం లండన్ ఖాతాదారుతో, మధ్యాహ్నం అనకాపల్లి ఖాతాదారుతో ఒకే హెడ్‌సెట్‌లో మాట్లాడటం అప్పటి నుంచే నిరభ్యంతరం.

108: మూడంకెల వెనక

తెలుగు నేల మీద ఈ సాంకేతికతకు అతిపెద్ద పరీక్ష విదేశీ బ్యాంకులది కాదు, 108ది. సత్యం కంప్యూటర్స్ అధినేత బి. రామలింగరాజు స్థాపించిన ఈఎంఆర్‌ఐ 2005 ఆగస్టు 15న హైదరాబాద్ నుంచి ఈ అంబులెన్సు సేవ మొదలుపెట్టింది. 2009 సత్యం కుంభకోణం తర్వాత జీవీకే బాధ్యత తీసుకుంది. అదే నమూనా మీద 2007లో 104 ఆరోగ్య సలహా సేవ వచ్చింది.

108 అనేది నిజానికి ఏ లైనుకూ నంబరు కాదు. బీఎస్‌ఎన్‌ఎల్ మొదలు ప్రతి కంపెనీ స్విచ్ దాన్ని అసలు గమ్యానికి తర్జుమా చేసుకుని, ఆ కేంద్రానికి దారి చూపాలి. ఒక్క కంపెనీ పట్టిక తప్పయినా ఆ కంపెనీ సిమ్‌లున్న వాళ్లకు అంబులెన్సు లేదు. కాల్ అందాక సర్వర్ చేసే పని అత్యవసరం కాబట్టి మరింత నిక్కచ్చిగా ఉండాలి: రికార్డింగు మొదటి క్షణం నుంచి, తెగిపోయిన కాల్‌కు తిరిగి ఫోను, ఫిర్యాదు తెర నుంచి దగ్గరి అంబులెన్సు తెరకు సమాచారం, ఆ డ్రైవరును కలిపి ముగ్గురి కాన్ఫరెన్సు.

ల్యాండ్‌లైను కాలంలో నంబరే చిరునామా. మొబైల్ వచ్చాక నంబరుకూ ఊరికీ ముడి వీడింది. 2011 జనవరిలో నంబరు మార్చకుండా కంపెనీ మారే వీలొచ్చాక సిరీస్ చూసి కంపెనీని చెప్పడం కూడా కుదరలేదు. 2014 జూన్ 2 తర్వాత మరో చిక్కు: రాష్ట్రాలు రెండైనా టెలికం శాఖ పటంలో ఆంధ్రప్రదేశ్ సర్కిల్ ఒక్కటే. సర్కిల్‌ను బట్టి 108ని మళ్లిస్తే చాలదు, సెల్ టవర్ ఏ జిల్లాలో ఉందో చూసి మళ్లించాలి. సరిహద్దు నదికి ఇవతలి ఫోను అవతలి టవర్‌ను పట్టుకుంటే కాల్ పక్క రాష్ట్రానికి పోతుంది. అక్కడి ఏజెంటు దాన్ని వెంటనే ఇవతలికి బదిలీ చేయగలగాలి, తెర మీది సమాచారంతో సహా.

ఎన్ని ఛానళ్లు కావాలి

డెన్మార్క్‌లో కోపెన్‌హేగన్ టెలిఫోన్ కంపెనీ గణితజ్ఞుడు ఏ.కె. ఎర్లాంగ్ 1909, 1917లలో రాసిన పత్రాలే ఇప్పటికీ ఈ లెక్కకు ఆధారం. గంటకు 600 కాల్స్, ఒక్కోటి సగటున 3 నిమిషాలైతే భారం 30 ఎర్లాంగులు. 30 ఛానళ్లున్న ఒక ఇ1 సరిపోతుందనిపిస్తుంది. సరిపోదు, వందకు దాదాపు 13 కాల్స్ ఎంగేజ్ వింటాయి. నూటికి ఒక్కటే వినాలంటే 42 ఛానళ్లు కావాలి. అక్కడితో అయిపోలేదు. క్యూలో సంగీతం వింటున్నవాళ్లు కూడా ఛానల్‌ను పట్టుకునే ఉంటారు. సగటున 2 నిమిషాలు వేచి ఉంటే మరో 20 ఎర్లాంగులు చేరి, రెండు ఇ1లూ నిండుకొస్తాయి. ఏజెంట్లను తగ్గించి డబ్బు ఆదా చేశామనుకునే నిర్వాహకులు లైన్ల అద్దె పెరగడాన్ని ఆశ్చర్యంగా చూస్తారు.

2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుపాను విశాఖ మీద విరుచుకుపడినప్పుడు కరెంటు, మొబైల్ టవర్లు కలిసే పోయాయి. అలాంటి రోజున ఎర్లాంగు పట్టికలకు అర్థం లేదు. కాల్స్ పదింతలు, లైన్లు సగం. అప్పుడు విద్యుత్ ఫిర్యాదుల సర్వర్ చేయగల మేలు ఒక్కటే: వినియోగదారుల జాబితాలోని ఫోను నంబరును బట్టి ప్రాంతాన్ని గుర్తించి, "మీ ఫీడరు తెగిపోయింది, పని జరుగుతోంది" అని ఏజెంటు దాకా పోకుండానే ముక్తసరిగా చెప్పి ఛానల్ వదిలించడం. దీనికి ఫీడర్ల సమాచారం సీటీఐ సర్వర్‌కు ముందే తెలిసి ఉండాలి. ఇక దారుల సంగతి. 2000లో ఏర్పడిన రైల్‌టెల్ పట్టాల వెంబడి ఫైబర్ వేసుకుంటూ పోయింది. దువ్వాడ లాంటి జంక్షన్ పక్కన ఉన్న కేంద్రానికి రోడ్డు వెంట వచ్చే బీఎస్‌ఎన్‌ఎల్ లేదా ప్రైవేటు ఫైబర్‌కు అది రెండో దారి కాగలదు. రెండు కంపెనీల నుంచి లైన్లు తీసుకుని, రెండూ ఒకే కందకంలోంచి వస్తున్నాయని ప్రొక్లైనర్ తవ్వినప్పుడు తెలుసుకోవడం ఈ వృత్తిలో పాత కథే.

బయటికి చేసే కాల్స్

సర్వర్ తానే నంబర్లు డయల్ చేసి, ఎత్తినవాళ్లను ఏజెంటుకు ఇవ్వడాన్ని ప్రిడిక్టివ్ డయలింగ్ అంటారు. ఖాళీ అయ్యే ఏజెంట్లకన్నా కాస్త ఎక్కువ నంబర్లకు చేస్తుంది కనుక కొందరు ఎత్తి "హలో, హలో" అని నిశ్శబ్దం వింటారు. ఈ బెడద మీద టెలికం నియంత్రణ సంస్థ ట్రాయ్ 2010లోనూ 2018లోనూ నిబంధనలు తెచ్చింది. ప్రచార కాల్స్ 140తో మొదలయ్యే నంబర్ల నుంచే చేయాలన్నారు. సేవా సంబంధ కాల్స్‌కు 2024లో 1600 సిరీస్ ఇచ్చారు. సాంకేతికంగా ఇది సర్వర్ ఏ ట్రంకు మీద ఏ నంబరు చూపి కాల్ చేస్తుందన్న ఒక చిన్న పట్టిక. ఆ పట్టికను నిజాయతీగా నింపడమే జరగని పని.

మేఘంలోకి

ఇప్పుడు కొత్త కేంద్రం పెట్టేవాళ్లు స్విచ్ కొనడం అరుదు. సర్వర్, స్విచ్ రెండూ ముంబైలోనో హైదరాబాద్‌లోనో ఒక డేటా సెంటర్‌లో అద్దెకు నడుస్తాయి. ఏజెంటుకు బ్రౌజరు చాలు. 2025 అక్టోబరులో గూగుల్ విశాఖలో 1500 కోట్ల డాలర్ల ఏఐ కేంద్రాన్నీ, సముద్రగర్భ కేబుళ్ల రాకనూ ప్రకటించింది. అవి వచ్చాక విదేశీ మాట చెన్నై, ముంబైల చుట్టూ తిరక్కుండా నేరుగా ఈ తీరానికి చేరవచ్చు.

స్విచ్ విదేశంలో ఉన్నా, మేఘంలో ఉన్నా 2021 నిబంధనలు ఒక బాధ్యతను వదల్లేదు. ప్రతి గేట్‌వే గుండా పోయిన కాల్స్ వివరాలు విడివిడిగా భద్రపరిచి, అడిగినప్పుడు చూపాలి. గేట్‌వే గడియారం, సర్వర్ గడియారం నాలుగు సెకన్లు తేడాగా నడిస్తే ఒకే కాల్ రెండు కాల్స్‌గా కనిపిస్తుంది, రికార్డింగు వేరే ఫిర్యాదుకు అతుక్కుంటుంది. కాబట్టి స్విచ్, సర్వర్, రికార్డరు మూడూ ఒకే ఎన్‌టీపీ మూలం నుంచి సమయం తీసుకునేలా అమర్చడం కేంద్రం తెరిచే రోజుకు ముందే ముగించాల్సిన పని.